పచ్చడి నాది, పేరు వారిది

ఊరగాయ పెట్టడం కష్టమా, దాన్ని అమ్మడం కష్టమా అని నన్నెవరైనా అడిగితే, రెండూ కాదు, డబ్బు పుచ్చుకోవడం కష్టం అంటాను. నవ్వకండి. "ఇచ్చే చెయ్యి ఎదురుగా ఉంటే పుచ్చుకోవడానికేం కష్టమోయ్?" అని మావారూ మొదట్లో ఇలాగే నవ్వారు. ఎదురుగా ఉంటే కష్టమే లేదు. ఆ చెయ్యి ఏ బెంగుళూరులోనో పూనాలోనో ఉంటేనే వచ్చింది తంటా.

మాది రాజమహేంద్రవరం. ముప్ఫై ఏళ్లుగా ఏటా వేసవిలో కొత్తపల్లి కొబ్బరి కాయ తెప్పించి, పప్పునూనె పోసి ఆవకాయ పెడుతున్నాను. ఆడబడుచులకి రెండు సీసాలు, మరదలికొకటి, పక్కింటి పిన్నిగారికొకటి వెళ్లేవి. ఖాళీ సీసాలు తిరిగొచ్చేవి, అవీ మూతలు లేకుండా. దీనికి డబ్బు పుచ్చుకోవచ్చునన్న ఆలోచన కల్లో కూడా రాలేదు నాకు.

2020లో లాక్‌డౌన్ వచ్చింది. హైదరాబాదులో మా అమ్మాయి పట్టికెళ్లిన మాగాయ రుచి చూసి, దాని పై ఫ్లాటులో ఆవిడ "మీ అమ్మగారు అమ్ముతారా?" అని అడిగిందిట. 'అమ్ముతారా' అన్న మాట వినగానే నాకు ముందు పౌరుషం వచ్చింది. తరవాత, అబద్ధమెందుకూ, ఆశ వచ్చింది. అలా మొదలైంది నా వ్యాపారం. దానికి మా అమ్మమ్మ పేరు పెట్టుకున్నాను. నాకు ఆవపిండి పాళ్లు నేర్పింది ఆవిడే.

ఎరిగున్నవాళ్లు కొన్నంతకాలం చిక్కులేదు. నలుపూ తెలుపూ గళ్ల బొమ్మ ఒకటి పంపితే, వాళ్లు ఫోనుతో దాన్ని చూసి డబ్బు వేసేవారు. యు.పి.ఐ. అనే ఈ ఏర్పాటు 2016లో వచ్చింది. 2020 జనవరి నుంచి దానికి వ్యాపారి దగ్గర రుసుము పుచ్చుకోకూడదని ప్రభుత్వం నియమం పెట్టడంతో, వెయ్యి వేస్తే వెయ్యీ చేతికొచ్చేది. ఇంతకంటే సుఖమేముంది?

కాని, వాళ్ల స్నేహితులూ, ఆ స్నేహితుల స్నేహితులూ అడగడం మొదలుపెట్టేసరికి కథ మారింది. మొహం ఎరగని మనిషికి ముందు డబ్బు వెయ్యాలంటే వాళ్లకి భయం. ముందు పచ్చడి పంపాలంటే నాకు భయం. "మీరు పంపండి, మేం వేస్తాం" అని వాళ్లూ, "మీరు వెయ్యండి, మేం పంపుతాం" అని నేనూ. మా పెళ్లిలో పానకాల దగ్గర వియ్యాలవారి మర్యాదలు గుర్తొచ్చాయి.

మావారు తపాలా శాఖలో ముప్ఫై నాలుగేళ్లు పనిచేసి రిటైరయ్యారు. ప్రపంచంలో ఏ సమస్యకైనా పోస్టాఫీసులో ఓ ఫారం ఉంటుందని వారి నమ్మకం. "వి.పి.పి. పద్ధతే మేలు. పార్సెలు ఇచ్చి డబ్బు పుచ్చుకోవడమే" అన్నారు. ఇప్పుడు కొరియర్లవాళ్లు చేసేదీ అదేట. సరే అని అలాగే పంపాం. మూడో పార్సెలు విజయనగరం వెళ్లి తిరిగొచ్చింది. తలుపు తట్టేసరికి ఇంట్లో ఎవరూ లేరుట. ఫోను చేస్తే, "మా అత్తగారు ఊర్నించి ఆవకాయ తెచ్చారండీ, ఇహ వద్దులెండి" అందావిడ చల్లగా. వెళ్లినందుకూ వచ్చినందుకూ రెండు వైపులా ఛార్జీ నా నెత్తినే పడింది. ముక్కలుగా వెళ్లిన ఆవకాయ, దారిలో కుదుపులకి తొక్కుపచ్చడై, అట్టపెట్టెకి సగం నూనె తాగించి మరీ వచ్చింది.

ఆ తరవాత ఒకాయన పన్నెండు వందలు కట్టినట్టు ఫోనులో బొమ్మ పంపాడు. నేను మురిసిపోయి ఆ సాయంత్రమే పార్సెలు పంపేశాను. బ్యాంకులో మాత్రం పైసా పడలేదు. బొమ్మ తయారుచేసిన బొమ్మట! "సంతకం సరిచూడకుండా మనియార్డరు ఇచ్చేశావన్నమాట" అన్నారు మావారు. పోయిన పన్నెండు వందలకంటే ఆ మాటే ఎక్కువ కుట్టింది.

ఇదిలా ఉండగా బెంగుళూరు నుంచి ఒక పెద్దావిడ ఫోను చేశారు. పిల్లలకి పంచడానికి ఎనిమిది కిలోలు కావాలన్నారు. "నాకా గళ్లబొమ్మలు రావమ్మా, నా దగ్గర క్రెడిట్ కార్డుంది, నంబరు చెబుతాను రాసుకో" అన్నారు. నేను పాలలెక్క పుస్తకం తీసి పదహారంకెలూ రాసుకున్నాను. కార్డు వెనక ఉన్న మూడంకెలూ రాసుకున్నాను. ఆ తరవాత వాటిని ఏం చెయ్యాలో తెలియక రాత్రి మా అమ్మాయికి ఫోను చేశాను.

"అమ్మా! ముందు ఆ కాగితం చింపి పొయ్యిలో వెయ్యి" అని గావుకేక పెట్టింది అది.

అప్పుడు చెప్పింది అసలు సంగతి. కార్డు నంబరు అమ్మేవాళ్లు చూడనే కూడదు. మధ్యలో పేమెంటు గేట్‌వే అని ఒక సంస్థ ఉంటుంది. కొనేవాళ్లు నంబరు నేరుగా ఆ సంస్థ పేజీలోనే కొట్టాలి. అది వెళ్లి బ్యాంకునడుగుతుంది. బ్యాంకు కార్డుగలవారి ఫోనుకి ఓ.టి.పి. పంపి, "ఈ కొనేది మీరేనా?" అని రూఢి చేసుకుంటుంది. మన దేశంలో ఇలాంటి కొనుగోళ్లకి, కార్డుమీద కనిపించని రెండో తనిఖీ ఒకటి ఉండి తీరాలని రిజర్వు బ్యాంకు 2009 ఆగస్టు నుంచీ నియమం పెట్టింది. 2022 అక్టోబరు 1 నుంచి, కార్డిచ్చిన బ్యాంకూ ఆ కార్డు నెట్‌వర్కూ తప్ప ఇంకెవరూ కార్డు నంబరు దాచుకోకూడదు కూడాను. నా పాలలెక్క పుస్తకం ఆ రెండిట్లో దేని కిందికీ రాదు కదా!

"అంటే ఈ గేట్‌వే పెళ్లిళ్ల పేరయ్యన్నమాట. సంభావన ఎంత పుచ్చుకుంటాడు?" అన్నారు మావారు.

సంభావన నూటికి సుమారు రెండు రూపాయలు. ఆ రెండు రూపాయలమీద మళ్లీ పద్దెనిమిది శాతం పన్ను. మావారు కళ్లజోడు పెట్టుకుని లెక్క కట్టారు. వెయ్యి రూపాయల పచ్చడికి రుసుము ఇరవై, దానిమీద పన్ను మూడు రూపాయల అరవై పైసలు. చేతికొచ్చేది 976 రూపాయల 40 పైసలు. అదీ ఆ క్షణాన కాదు, రెండు మూడు పనిరోజులు ఆగాలి. "ఊరికే వచ్చే యు.పి.ఐ. ఉండగా ఇదెందుకోయ్?" అన్నారు.

నేనూ అదే అనుకున్నాను. పడుకున్నా నిద్రపట్టలేదు. ఆ ఇరవై మూడు రూపాయల అరవై పైసలూ దేనికిస్తున్నాం అని ఆలోచించాను. నన్నెరగని ఓ ఇల్లాలు, నా పచ్చడి మూత తియ్యకుండానే వెయ్యి రూపాయలు ముందుగా కడుతోంది. ఏం చూసుకుని కడుతోంది? నేను మోసం చేస్తే అడగడానికి తన బ్యాంకుందన్న ధైర్యంతో కడుతోంది. ఆ ధైర్యానికి కూలి అది. ఇంటాయన జీతం ఇంకా రాని ఇరవై ఏడో తారీఖున కూడా కొనగలగడం మరో సుఖం. విజయనగరం పార్సెలుకి నేను పోసుకున్న ఛార్జీలతో పోలిస్తే ఈ కూలి ఏపాటిది? తెల్లారి లేచి, "రుసుము ధరలోనే కలిపేద్దామండీ, కార్డువాళ్లకి వేరే ధర చెప్పడం మర్యాదగా ఉండదు" అన్నాను.

పెద్ద పెద్ద సంతల్లాంటి వెబ్‌సైట్లలో పెడితే డబ్బు గొడవంతా వాళ్లే చూసుకుంటారని పిన్నిగారి మనవడు చెప్పాడు. నిజమే. కాని వాళ్ల కమీషను వేరు. పైగా కొన్నవాళ్లు ఆ సంతకి తెలుస్తారు గాని నాకు తెలియరు. ఎవరింట్లో ఉప్పు తక్కువ తింటారో, ఎవరు వెల్లుల్లి ముట్టరో తెలియకపోతే నేను పచ్చడేం పెడతాను? అందుకని గేట్‌వేకే దరఖాస్తు పెట్టాం. వెబ్‌సైటు లేకపోయినా ఫరవాలేదు. ఎంత కట్టాలో రాసి ఒక లింకు పంపితే, కొనేవాళ్లు దాన్ని నొక్కి కార్డుతో కట్టేయవచ్చు. ఆ తరవాత మా అమ్మాయి ఓ రెండు ఆదివారాలు కూర్చుని చిన్న వెబ్‌సైటూ తయారుచేసింది.

అందులో ధరలూ, మా చిరునామా, ఎన్నాళ్లకి పంపుతామో, నచ్చకపోతే డబ్బెలా తిరిగిస్తామో, అన్నీ రాయాలిట. పచ్చడి నచ్చకపోతే! నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మావారు మాత్రం బహు ఉత్సాహంగా కలం పుచ్చుకుని, "సీసా పగిలినను, కారినను, వేరొక రకము చేరినను పూర్తి సొమ్ము వాపసు చేయబడును. మూత తీసి రుచి చూచిన పిమ్మట కారము ఎక్కువైనదను ఫిర్యాదు స్వీకరింపబడదు" అని రాశారు. ఆ ముక్క ఇప్పటికీ వెబ్‌సైటులో అలాగే ఉంది. చాలామంది అది చదివి నవ్వుకునే కొన్నామని చెబుతుంటారు.

ఇహ అసలు కథకొస్తాను.

దరఖాస్తులో 'ఎవరి పేరున?' అని ఒక గడి ఉంది. పాన్ కార్డు ఎవరిదైతే బ్యాంకు ఖాతా కూడా వారిదే కావాలి. మావారికి పింఛను ఖాతా సిద్ధంగా ఉంది. నాదని చెప్పుకోదగ్గ ఖాతా లేదు. ఉన్న ఒక్కటీ ఇద్దరి పేరునా ఉంది, అందులో మొదటి పేరు వారిదే. "మీ పేరే పెట్టండి. ఇల్లొకటే కదా, ఎవరి పేరైతే ఏం?" అన్నాను. చూశారా, అన్నది నేనే. వారేం అడగలేదు పాపం.

ఏడాదిపాటు సజావుగానే సాగింది. 2023లో శ్రావణమాసం ముందు గేట్‌వే సంస్థ నుంచి ఒక మెయిలు వచ్చింది. పూనాలో ఒకావిడ కట్టిన పద్దెనిమిది వందలూ తాము కొన్నవి కావని కార్డువారు బ్యాంకుకి ఫిర్యాదు చేశారుట. దీన్ని ఛార్జిబ్యాక్ అంటారు. ఆ సొమ్ము మా లెక్కలోంచి తీసి పక్కన పెట్టేశారు. ఫలానా తారీఖులోగా సాక్ష్యం చూపించకపోతే అంతే సంగతులు!

నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. డబ్బు మాట అలా ఉంచండి, ఊరగాయలమ్మి మోసం చేశారన్న మాట పడ్డందుకు ఏడుపొచ్చింది. మావారు మాత్రం ఆఫీసురోజుల్లోలా కొరియరు రసీదు, పార్సెలు ముట్టినట్టు సంతకం, అన్నీ వరసగా పేర్చారు. "గోంగూర అదిరిందండీ, మా అమ్మ గుర్తొచ్చింది" అని ఆవిడే రాసిన వాట్సాప్ ముక్క కూడా జతచేశారు. అన్నీ పంపేశాక నాకు మనసాగక ఆవిడకే ఫోను చేశాను.

ఆవిడ ఎంత నొచ్చుకుందో! జరిగింది చెప్పి తలవంచుకుంది. ఫోనులోనైనా తలవంచుకున్నట్టు నాకు తెలిసిపోయింది. నెలాఖరుకి కార్డు బిల్లు వచ్చిందిట. అందులో నా అమ్మమ్మ పేరు లేదు, నా పేరూ లేదు. ఇంటిపేరుతో సహా మావారి పూర్తిపేరు, దాని ఎదురుగా పద్దెనిమిది వందలు. వారి పేరు ఇక్కడ రాయనులెండి, మా అత్తగారి కాలంనుంచీ నాకది అలవాటు లేదు. ఆ బిల్లు చూసి ఆవిడ భర్త, "ఎవరీ పెద్దమనిషి? ఇతగాడికి పద్దెనిమిది వందలు దేనికిచ్చావు?" అని అడిగాట్ట. ఆవిడ ఎంత ఆలోచించినా ఆ పేరుగల మనిషి గుర్తుకు రాలేదు. ఎలా గుర్తొస్తాడు? ఎన్నడూ వినలేదాయె. ఎవరో కార్డు నంబరు కాజేశారనుకుని ఆయన ఆ పూటే బ్యాంకుకి రాసేశాడు.

ఫోను పెట్టేసి నేను చాలాసేపు నవ్వాను. మావారికి చెబితే, "ఈ వయసులో నామీద ఇలాంటి అపవాదా!" అని కాస్త గర్వంగానే మొహం పెట్టారు. పూనావారు తమ పొరపాటని బ్యాంకుకి రాసిచ్చారు. నెల దాటాక డబ్బు తిరిగొచ్చింది.

నవ్వు తగ్గాక మాత్రం ఆ మాట నన్ను వదల్లేదు. ఆవిడ తప్పేముంది? నాతో మాట్లాడింది, నా చేతి పచ్చడి తింది, తీరా డబ్బు వెళ్లింది తనెరగని ఓ మగమనిషికి. కొన్నవాళ్లు పోల్చుకోలేని పేరున పుచ్చుకున్న డబ్బు నా డబ్బని నేను మాత్రం ఎలా అనుకోను? ఆ వచ్చిన సొమ్ము పింఛనుతో కలిసి కరెంటు బిల్లుకీ, మందులకీ వెళ్లిపోయేది. లాభమెంతో నష్టమెంతో నాకే తెలియదు. అచ్చులో నా పేరు చూసుకున్నది రెండేసార్లు. ఒకటి పెళ్లి శుభలేఖలో, రెండోది ఓటర్ల జాబితాలో. ఆ రెండోదాంట్లోనూ కింద 'భర్త' అని వారి పేరు ఉండనే ఉంది.

"ఖాతా నా పేరుకి మార్పిద్దామండీ" అన్నాను ఆ రాత్రి, మజ్జిగ పోస్తూ.

వారు ఒక్క క్షణం చెయ్యి ఆపారు. "నా లెక్కల్లో ఏమైనా తేడా వచ్చిందా?" అన్నారు.

ఆ ప్రశ్నకి నేను సిద్ధంగా లేను. ముప్ఫై నాలుగేళ్లు పైసా తేడా రాకుండా లెక్క అప్పజెప్పిన మనిషి. నిద్రమానుకుని నాకోసం రసీదులు పేర్చిన మనిషి. "తేడా మీ లెక్కల్లో కాదండీ. బిల్లుమీద పేరులో" అన్నాను. వారు మాట్లాడకుండా భోజనం ముగించి లేచారు. రెండు రోజులు ఇంట్లో పప్పులో ఉప్పు గురించి తప్ప వేరే మాట లేదు. మూడోనాడు పొద్దున్నే బయటికెళ్లే చొక్కా వేసుకుని, "బ్యాంకు పదింటికి తీస్తారు. నీ పాన్ కార్డూ, ఆధారూ తీసుకో" అన్నారు.

బ్యాంకులో ఒక అమ్మాయి ఫారం నింపింది. వృత్తి అన్న చోట నన్నడక్కుండానే 'గృహిణి' అని రాసేసింది. "అది నిజమేనమ్మా, పక్కన వ్యాపారం అని కూడా రాయి" అన్నాను. గొంతు కాస్త వణికింది. ఆ పిల్ల నవ్వి రాసింది. ఆధారు నంబరుతో ఖర్చు లేకుండా ఇంట్లోంచే చేయించుకునే ఉద్యమ్ నమోదు ఒకటి ఉంది. 2020 జులైలో వచ్చింది. అదీ నా పేరునే చేయించాను. గేట్‌వేకి మళ్లీ మొదట్నుంచి దరఖాస్తు పెట్టాం. ఈసారి బిల్లుమీద ఏ పేరు పడుతుందో ముందే అడిగి తెలుసుకున్నాను. ఇప్పుడు ప్రతి పార్సెలులోనూ "మీ కార్డు బిల్లులో ఈ పేరు కనిపిస్తుంది, కంగారుపడకండి" అని ఒక చీటీ పెడుతున్నాను.

ఖాతా వేరయ్యాక ఒక విడ్డూరం బయటపడింది. అందరూ మెచ్చే నా గోంగూరకి కిలోకి తొమ్మిది రూపాయలు నష్టం! ఏడాదినుంచి ఊళ్లవాళ్లకి కానుకలు పంచుతున్నానన్నమాట. ధర సవరించాను. ఒక్కరూ మానలేదు.

మీలో ఎవరైనా పొళ్లో, జాకెట్లో, పూసలదండలో అమ్మాలనుకుంటే నాకు తెలిసిన నాలుగు ముక్కలు చెబుతాను. ఎరిగున్నవాళ్లకి యు.పి.ఐ. చాలు. ఎరగనివాళ్లకి కార్డు దారి కూడా తెరిచి ఉంచండి, వాళ్ల ధైర్యం దాంట్లో ఉంది. కార్డు నంబరు, ఓ.టి.పి. ఎవరు చెప్పబోయినా రాసుకోకండి. గేట్‌వే ఎంచుకునేటప్పుడు నూటికెంతో ఒక్కటే అడక్కండి. డబ్బు ఎన్నాళ్లకి చేతికొస్తుంది, ఫిర్యాదొస్తే ఫోనులో మనిషి పలుకుతాడా అనికూడా అడగండి. విదేశీ కార్డులకి రుసుము ఎక్కువ, అనుమతి కూడా వేరే పుచ్చుకోవాలి. ఆ కార్డుల్లో చాలావాటికి మన ఓ.టి.పి. లాంటి తనిఖీ ఉండదు కనక పేచీ వస్తే బరువు మనమీదే పడుతుంది. పేపాల్ 2021 ఏప్రిల్ 1న మన దేశంలోపలి చెల్లింపులు మానేసి, విదేశాలనుంచి వచ్చేవే ఉంచుకుంది. అమెరికాలో ఉన్న మా మరిది కొడుకు "పెద్దమ్మా, నా కార్డు పుచ్చుకోవా?" అంటే, "ముందు మీ అమ్మచేత కట్టించరా, నీ సంగతి తరవాత చూద్దాం" అన్నాను. అన్నిటికంటే ముందు, పేరు రాసే గడి దగ్గర ఒక్క నిమిషం ఆగండి. 'ఎవరి పేరైతే ఏం' అని మాత్రం అనకండి.

కొత్త ఖాతాలో మొదటిసారి డబ్బు పడ్డనాడు నా ఫోను మోగింది. 976 రూపాయల 40 పైసలు. మావారికి చూపించాను. కళ్లజోడు సవరించుకుని రెండుసార్లు చదివి, "పార్సెళ్లు కట్టడం, చిరునామాలు రాయడం, రసీదులు దాచడం, ఇవన్నీ నేనేగా చేస్తున్నది. మరి నాకూ నూటికి రెండు రూపాయలు ఇప్పించాలి ప్రొప్రయిటరుగారూ" అన్నారు.

అప్పటినుంచీ ఒకటో తారీఖున లెక్కకట్టి ఇస్తున్నాను. దానిమీద పద్దెనిమిది శాతం మాత్రం ఇవ్వనని చెప్పేశాను.